అడుక్కి దిగిన నూనె

నేను తెలివితక్కువవాణ్ణని ఒప్పుకోవడానికి నాకు పెద్ద అభ్యంతరం లేదు. ఇంట్లో ఆ విషయం ఎప్పుడో తేలిపోయింది. ఎంత తక్కువ అన్నది మాత్రం మా వాకిట్లోకి ఒక నీలం డ్రమ్ము వచ్చాకే తేలింది. పలాసలో ఇంటర్ పిల్లలకు ఇరవై ఏళ్లకు పైగా కెమిస్ట్రీ చెబుతున్నవాణ్ణి. భాస్వరం గురించి, దాని బంధువర్గం గురించి బోర్డు నిండా రాసి, చేతికంటిన సుద్ద దులుపుకుని ఇంటికొచ్చి, ఆ బంధువుల్లో ఒకరు కాపురం చేసి వెళ్లిన డ్రమ్ములోనే మా మావయ్యకు తాగే నీళ్లు పట్టాను. అదీ ఆయనకు మంచినీళ్లే తాగించాలన్న పట్టుదలతో.

మా అత్తవారి ఊరు కంచిలికి తూర్పున, సముద్రానికి అడుగుల దూరంలో కాదుగాని, గాలికి మాత్రం దగ్గరలోనే ఉంటుంది. నేను ఇల్లరికం అల్లుణ్ణి. పొద్దున్నే రైలెక్కి పలాస వెళ్తాను, సాయంత్రం కునికిపాట్లు పడుతూ తిరిగొస్తాను. ఆ దారిలో కొబ్బరిచెట్లు, జీడిమామిడి తోటలు కిటికీలోంచి ఒకదాన్నొకటి తోసుకుంటూ వెనక్కి పోతుంటే, నేను దిగాల్సిన స్టేషను కూడా వాటితోపాటు వెనక్కి పోయిన రోజులున్నాయి. పగటి కలలు కనే జబ్బు నాకు చిన్నప్పటినుంచీ ఉంది. దానికి రక్తపరీక్ష లేదు.

రక్తపరీక్ష అన్నాను కాబట్టి చెప్పాలి. మా ఉద్దానంలో, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ అనే మాట బడి మెట్లెక్కని వాళ్ల నోట కూడా తడబడకుండా పలుకుతుంది. పెళ్లి భోజనాల బంతిలో పక్కవాడు మెల్లగా ‘ఎంతుంది?’ అని అడిగితే, అది జీతం గురించి కాదు. కిడ్నీ జబ్బు ఇక్కడే ఎందుకింత ఉందో ఇదీ అని ఎవరూ తేల్చి చెప్పలేదు. అందుకని ప్రతి ఇంటికీ సొంతంగా ఒక కారణం ఉంది. కొందరికి బోరు నీళ్లు, కొందరికి పురుగుమందులు, కొందరికి నొప్పుల మాత్రలు. మా మావయ్య జీవితమంతా కొబ్బరితోటలో ఎండకు, చెమటకు నడిచినవాడు. ఆయన అంకె గీత దాటలేదుగాని, గీతకు ఆనుకుని నిలబడి అటువైపు తొంగి చూస్తోంది.

క్యాన్లలో వచ్చే శుద్ధి చేసిన నీళ్లు ఆయనకు పడవు. “ఆటికి రుసేటుంది? ఆసుపత్రి గోడ నాకినట్టుంటాది” అంటాడు. బోరు నీళ్లు మేము పడనివ్వం. ఒక ఆదివారం మధ్యాహ్నం, నిద్రకీ మెలకువకీ మధ్య ఉన్న వేళ, నాకు దివ్యమైన ఆలోచన వచ్చింది. వాననీరు! ఆకాశం నుంచి నేరుగా మావయ్య గ్లాసులోకి. మధ్యలో డాబా గొట్టం, ఒక పెద్ద డ్రమ్ము. అంతే.

డ్రమ్ము కోసం పలాస దాటాక హైవే పక్కనున్న పాత సామాన్ల కొట్టుకు వెళ్లాను. కొట్టు యజమాని అందరినీ బావా అంటాడు. ఆయనకు నేనివ్వదగ్గ చెల్లెలు నాకు లేదు, నాకాయన ఇవ్వదగ్గ అక్క ఆయనకు లేదు. అయినా ఆ పిలుపులో బేరం సగం అయిపోతుంది. వరసగా నిలబెట్టిన నీలం డ్రమ్ములు ఎండలో మెరుస్తున్నాయి. నడుమున తెల్లగీత ఉన్నదాని దగ్గర ఆగాను.

“ఇందులో ఏముండేది?”

“నూనె డ్రమ్ము బావా. సబ్బేసి ఓపాలి కడిగీసి, నీళ్లు పట్టీసుకో. మీ మనవల కాలందాకా ఉంటాది.”

“లేబులేది?”

“పీకీసినాను. సూడు, ఎంత అందంగా ఉన్నాదో!”

నిజంగానే అందంగా ఉంది. అందం దగ్గర నేను ప్రశ్నలు ఆపేస్తాను. పిల్లలు పరీక్షలో జవాబు రాసి సమీకరణం రాయకపోతే సగం మార్కులు కోసే మనిషిని, లేబులు లేని డ్రమ్ముకు పూర్తి మార్కులు వేసి ఆటోలో ఎక్కించాను.

మా ఆవిడ దాన్ని చింతపండుతో, బూడిదతో, సబ్బు పొడితో రుద్ది మూడుసార్లు కడిగింది. జిడ్డు పోయినట్టే పోయి మళ్లీ వేలికి తగిలింది. “నూనె కదా, ఉంటుంది” అన్నాను నేను, తెలిసినవాడిలా. ఆ ఇంట్లో ఒక అలవాటుంది. కొత్త నీళ్లపాత్ర వస్తే పసుపు రాసి, బొట్టు పెట్టి, మొదటి నీళ్లు ఇంటి పెద్దకే ఇస్తారు. అవి అయిపోయి రెండోసారి నింపేదాకా మిగతావాళ్లు ముట్టుకోరు. గౌరవం అంటే అది. ఆ గౌరవం వల్లనే, అందరికంటే భద్రంగా చూసుకోవలసిన మనిషి అందరికంటే ముందు తాగాడు.

వాన వచ్చిన సాయంత్రం ఇప్పటికీ నా లోపల కురుస్తుంటుంది. ముందు సముద్రం వైపు నుంచి ఒక చల్లని వాసన. తర్వాత కొబ్బరిమట్టల మీద దూరంగా చప్పట్లు. కాసేపటికి తోటంతా నీటి అడుగున మునిగి ఊగుతున్నట్టు పచ్చగా, మసకగా అయిపోయింది. తొలి జల్లు నేలకు వదిలేసి, గొట్టం డ్రమ్ములో పెట్టాను. నీలం డ్రమ్ములో నీళ్లు పడుతుంటే, భావనపాడు రేవు వైపు నుంచి ఎవరో సముద్రంలో ఒక ముక్క కోసి తెచ్చి మా వాకిట్లో నిలబెట్టినట్టుంది. మావయ్య అరుగు మీద కూర్చుని మొదటి గ్లాసు తాగి, కళ్లు మూసుకుని, “మా అమ్మ సేతి నీళ్లలాగున్నాయి” అన్నాడు. నాకు ఆ పూట అన్నం తినకుండానే కడుపు నిండింది.

తొమ్మిది రోజులు ఆయన ఆ నీళ్లే తాగాడు. తొమ్మిది రోజులూ నేను రైల్లో మరింత హాయిగా నిద్రపోయాను.

పదో రోజు సెలవు. ఎండ ఏటవాలుగా పడి డ్రమ్ము లోపలి దాకా దిగింది. ఆ ఒక్క వానకు పావు డ్రమ్మే పట్టిన నీళ్లు బాగా తగ్గాయి. మావయ్య చెంబుతో వంగి, అలాగే ఉండిపోయాడు.

“అల్లుడా, ఇలా రా. అడుగున ఏటో మెరుత్తన్నాది.”

వెళ్లి చూశాను. డ్రమ్ము అడుగున, ఒక వారగా, గాజుబిళ్లలాంటిది వణుకుతోంది. నీళ్లు కదిలిస్తే ముక్కలై, మళ్లీ మెల్లగా దగ్గరకు చేరి ఒకటవుతోంది. రంగు లేదు. చూస్తుంటే మనసు అందులోకి జారిపోయేలా ఉంది.

“నూనె మిగిలింది మావయ్యా” అన్నాను.

ఆయన నడుం నిలబెట్టి నన్ను తేరిపార చూశాడు. “నూనె పైకి తేలుద్దా, అడుక్కి దిగుద్దా?”

“బరువైన నూనె అయితే...”

“బరువైన నూనేటి? కాలేజీలో పిల్లలకీ ఇలాగే సెప్తన్నావేటి?”

ఆయన గరిటె కట్టిన పొడుగు కర్రతో ఆ బిళ్లను పైకి తీసి, ఒక గుడ్డపేలికను అందులో తడిపి, పెరట్లో కొబ్బరిడొక్కల పొయ్యిలో పెట్టాడు. నూనె పేలిక భగ్గుమనాలి. ఇది నల్లగా మాడింది, ముడుచుకుంది, ఘాటుగా కాస్త పొగ వదిలింది. మంట మాత్రం పట్టలేదు. దాని చుట్టూ ఉన్న మంట కూడా మొహం తిప్పుకున్నట్టు పక్కకు జరిగింది.

“నీటి మీద తేలదు. నిప్పులో మండదు. మరిదేటి నూనె అల్లుడా?”

అప్పుడు నా తలలో బెల్లు మోగింది. నేనే ఏడాదికోసారి చెప్పే పాఠం. నీటికంటే బరువు, రంగులేని చిక్కని ద్రవం, నిప్పును ఆర్పే గుణం. పొయ్యి దగ్గర నుంచి ఆయన్ని చెయ్యి పట్టి లాగేశాను. చెంబు, గ్లాసు అన్నీ పక్కన పెట్టించాను. మా ఆవిడ గడపలోంచి ఒక్క మాటే అడిగింది. “నాన్న ఎన్నాళ్లు తాగినాడు?” ఆవిడకు తెలుసు ఎన్నాళ్లో. నా నోటితో వినాలనుకుంది.

కొట్టువాడికి ఫోను చేస్తే, తొణుకూ బెణుకూ లేకుండా, “భావనపాడు కాడ సేపలకి కోల్డ్ స్టోరేజీ కడతన్నారు గదా బావా, అక్కడియ్యి” అన్నాడు. బండి తీసి టెక్కలి మీదుగా అటు పరిగెత్తాను. పరిగెత్తాను అంటున్నానుగాని, దారంతా ఏదో కలలో కాళ్లు కదలనట్టే అనిపించింది. ఉప్పుగాలి, ఎండుతున్న చేపల వాసన, ఇసుకలో బోర్లా పడుకున్న పడవలు, వాటి నీడలో వలలు అల్లుతున్న మనుషులు. ప్రపంచం ఎంత నిదానంగా ఉందో, నేను అంత తొందరలో ఉన్నాను.

అక్కడి మేస్త్రీ టెక్కలి మనిషి. ముసుగు, గ్లవుజులు తీసి నాతో మాట్లాడాడు. గదుల గోడల మీద లేత పసుపు నురగ చల్లుతున్నారు. చల్లగానే పొంగి, రొట్టెలా గట్టిపడుతోంది. చలి బయటకు పోకుండా ఆ ఫోము పట్టి ఉంచుతుందట.

“ఈ ఫోము ఉత్తదైతే అగ్గిపుల్లకే అంటుకుపోద్ది మాస్టారూ. అందుకని మందు కలుపుతాం. ఇదిగో, మీ డ్రమ్ములో ఉన్నదిదే.”

నిండు డ్రమ్ము మీద లేబులుంది. నాకు లేబులు పీకి అమ్మిన అందం అక్కడ పూర్తి పేరుతో ఉంది. ఆర్గానోఫాస్ఫేటు, మంటను ఆపే రకం. మధ్యలో ఒక భాస్వరం, దాని చుట్టూ ఆక్సిజన్లు, వాటిని పట్టుకుని వేలాడే మూడు తోకలు, తోకల్లో క్లోరిన్లు. బోర్డు మీద నేను గీసే బొమ్మే. ఇన్నేళ్లూ దాని మొహం చూశానుగాని, ఎదురుపడితే గుర్తుపట్టలేదు.

మేస్త్రీ ఫోనులో దాని భద్రతా పత్రం చూపించాడు. ఒక పడవ నీడలో కూర్చుని అదీ, నా ఫోనులో దొరికిన మిగతా వివరాలూ చదివాను. ఈ పదార్థం వేడి తగిలితే విడిపోయి, భాస్వరం వల్ల ఫోము పైన బొగ్గుపొర కడుతుంది. క్లోరిన్ వల్ల మంటలోని చురుకు చస్తుంది. అందుకే సోఫాల్లో, కారు సీట్లలో, గోడల్లో దీన్ని వాడతారు. మనుషుల్ని మంటల్నుంచి కాపాడటానికి పుట్టినదే. పురుగుమందులు ఇదే వంశం. నరాల మీద పడి తక్షణం పడగొట్టే ఆ దాయాదుల కోపం దీనికి లేదు. అలాగని సాధువూ కాదు. మింగితే హాని. నీళ్లలో ఎక్కువ కరగదుగాని కొద్దిగా కరుగుతుంది. ఆ కొద్దిని కాచినా పోగొట్టలేం. కాలువల్లో కలిస్తే తొందరగా నశించదు. ఫోముతో దీనికి పెళ్లి కాలేదు, అద్దెకుంటుందంతే. ఏళ్ల తరబడి మెల్లగా ఖాళీ చేసి దుమ్ములో చేరుతుంది. అందుకని ఇళ్లలో దుమ్ము తడిగుడ్డతో తుడవాలి, తినేముందు చేతులు కడుక్కోవాలి. చాలాకాలం ఒంట్లోకి పోతే ఏమవుతుందన్నది ఇంకా తేలని లెక్కే. దీని దగ్గరి చుట్టం ఒకదాని మీద మాత్రం ఎలుకల కిడ్నీల విషయంలో చెడ్డపేరుంది.

కిడ్నీలు అన్న మాట దగ్గర నా చదువు ఆగిపోయింది. ఒంట్లో ఇన్ని అవయవాలుండగా.

“ఖాళీ డ్రమ్ములు ఊళ్లోకి పోకూడదండీ” అన్నాడు మేస్త్రీ, తల గోక్కుంటూ. “తీసుకెళ్లేవోళ్లు ఏరేగా ఉన్నారు. మజ్జిలో ఎక్కడో దారి తప్పుతన్నాయి. మీ నీళ్లు నేలమీద పొయ్యకండి, డ్రమ్ముతో సహా నాకు తెచ్చీయండి. మా ఆటితో కలిపి పంపిత్తాను.”

ఆ మర్నాడు డ్రమ్మును మేస్త్రీకి చేర్చి, మావయ్యను పలాస ఆసుపత్రికి తీసుకెళ్లాను. డాక్టరు అంతా విన్నారు. నేను కెమిస్ట్రీ మాస్టరునని తెలిసి ఒక్క క్షణం పెన్ను ఆపారు. ఆ క్షణం నా జీవితంలో పొడుగైన పీరియడు. తొమ్మిది రోజులు కొద్దికొద్దిగా తాగినదానికి విరుగుడంటూ ఏమీ లేదని, ఆపేయడమే మందని, ఈ పరీక్ష ఆ పదార్థం ఒంట్లో ఉందో లేదో చెప్పదని, కిడ్నీలు ఎలా ఉన్నాయో మాత్రమే చెబుతుందని అన్నారు. ఈరోజొకసారి, నెల తర్వాత ఒకసారి చూద్దామన్నారు.

రిజల్టు కోసం బయట బెంచీ మీద కూర్చున్నాం. ఊరి మీద జీడిపప్పు కాల్చిన వాసన పల్చగా పరుచుకుని ఉంది. ఆ వాసనలో కూర్చుంటే కాలం కూడా కాస్త వేగి, తీపెక్కినట్టుంటుంది. మావయ్య నా మొహం చూసి మోచేత్తో పొడిచాడు.

“ఏటలాగయిపోనావు? నాకేటవుద్ది! ఒకటే భయం. రేపొద్దున నాను పోతే, కట్టెల మీదెట్టాక అంటుకుంటానో లేదో. ఊరోళ్లందరూ నిలబడి అగ్గిపుల్లలు గీత్తా ఉండిపోతారు.”

“మావయ్యా!”

“నువ్వే సెప్పాలి మరి, సదువుకున్నోడివి. మామూలు కట్టెలు సాల్తాయా, పెట్రోలు గావాలా?”

నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను. పక్క బెంచీ మీద ఎవరో ముసలమ్మ, “ఓలమ్మ, ఏటయినాది బాబూ?” అంది. “మా అల్లుడు నాకు నిప్పంటకుండా మందేసినాడప్పా” అన్నాడాయన, గర్వంగా.

కౌంటరులో కాగితం ఇచ్చారు. చూడ్డానికి ధైర్యం లేక ఆయన చేతికే ఇచ్చాను. ఆయనకు అంకెలొచ్చు. వేలితో వెతికి, అక్కడే ఆపి, చాలాసేపు చూశాడు. పోయినసారి ఎంతో ఇప్పుడూ అంతే. నెల తర్వాత కూడా అంతే. గీతకు ఆనుకుని నిలబడ్డ మనిషి అక్కడే నిలబడ్డాడు. నేనే, ఒక నెలపాటు గీతకు ఇవతల పడి లేచాను. ఆ నెలలో మావయ్య ఒక్కమాట అనకుండా, మొహం చిట్లించుకుని, క్యాను నీళ్లే తాగాడు. తిడితే బాగుండేది.

రెండో కాగితం చేతికొచ్చిన రోజునే పాత సామాన్ల కొట్టుకు బయల్దేరాను. “పోట్లాడ్డానికెళ్లి పాఠం సెప్పి రాకండి” అంది మా ఆవిడ. ఆవిడకు నా గురించి తెలియనిది లేదు. వెళ్లి పాఠమే చెప్పాను. మొత్తం, దాని తోకలతో సహా. కొట్టువాడు ఓపిగ్గా విని, ఒక కుర్చీ దులిపి వేశాడు.

“లేబులుంటే ఎవుడూ కొనడు బావా. ఇంతకీ మీ మావకేటీ అవలేదు గదా?”

“అవలేదు.”

“మరేటి! ఎండలో వచ్చినావు, నీళ్లు తాగు.” లోపలికి కేకేశాడు. వాళ్లావిడ స్టీలు గ్లాసు తీసుకుని గుమ్మం పక్కనున్న డ్రమ్ము మూత తీసింది. నీలం డ్రమ్ము. నడుమున తెల్లగీత. మాదానికి తోడబుట్టినదే.

“ఇందులో తాగుతున్నారా మీరు?” అన్నాను.

“ఆర్నెల్ల సంది” అన్నాడాయన, ధీమాగా. “నాకేటయినాది? సూడు!” అని ఛాతీ చరిచి చూపించాడు.

“ఈ నీళ్లు జిడ్డుగా ఉంతన్నాయని నాను మొత్తుకుంతన్నాను బాబూ” అంది ఆవిడ గ్లాసుతో నిలబడి. “ఇంతే మాటాడతాడు.”

నెలంతా కడుపులో దాచుకున్న తిట్లు, రైల్లో కూర్చుని ఒకదాని పక్కన ఒకటి పేర్చుకున్న మంచి మంచి తిట్లు, ఒక్కటీ నోటికి రాలేదు. ఇతను నన్ను మోసం చేసి తాను క్షేమంగా ఉన్నవాడు కాదు. నాకు ఏది అమ్మాడో అదే తాగుతున్నాడు. అలాంటివాడి మీద పగ ఎలా తీర్చుకోవాలో ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు. అయినా పగ తీరాలి. మా మావయ్య తొమ్మిది రోజులకు, మా ఆవిడ అడిగిన ఆ ఒక్క ప్రశ్నకు, నా నెల నిద్రకు.

లేచి వెళ్లి, డ్రమ్ము అడుగున మిగిలిన నాలుగు చెంబుల నీళ్లనూ పక్కనున్న ఖాళీ డ్రమ్ములోకి ఒంపి మూత బిగించాను. పగ తీర్చుకునేటప్పుడు కూడా భద్రతా పత్రం తప్పకూడదు కదా. “వీటిని భావనపాడు మేస్త్రీకి పంపు” అన్నాను. తర్వాత కొట్టులోనే ఉన్న గునపం తీసుకుని, డ్రమ్మును పడుకోబెట్టి, అడుగు దగ్గర ఆనించి, సుత్తితో ఒక్కటి వేశాను.

“ఏటి బావా ఇది! ఎర్రెక్కినాదేటి? నీళ్లింక దేన్లో పట్టుకోవాల?”

“కుండలో.”

గుమ్మం దగ్గర్నుంచి వాళ్లావిడ నవ్వు వినిపించింది. వంగి చూసుకున్నాను. వేలు దూరేంత కన్నం. ఈ కొట్టు మనిషి, దీనికి సబ్బుబిళ్ల అడ్డం పెట్టి మళ్లీ వాడినా వాడతాడనిపించింది. గునపం కాస్త పక్కకు జరిపి, తాపీగా, ఇంకో రెండు పెట్టాను.